ఫ్రిజ్ శ్రుతి

పెద్దమ్మ వాళ్ళింట్లో ఫ్రిజ్ అయిదు శ్రుతికి కొంచెం పైన మోగేది. ఇది నేను కనిపెట్టింది కాదు, ఆవిడే చెప్పేది. వైజాగ్ సీతమ్మధారలో సందు చివరి ఇల్లు, హాల్లో చాప, సాయంత్రం నాలుగున్నర నుంచి పిల్లలు సరళీస్వరాలకి వచ్చేవారు, శ్రుతిపెట్టె అయిదులో పెట్టి ఉండేది, వెనక వంటింట్లో ఆ పాత ఫ్రిజ్ గుర్రుమంటూ ఉండేది. కంప్రెసర్ ఆన్ అయినప్పుడల్లా పెద్దమ్మ మొహం చిట్లించి "వెళ్ళి ఆ స్విచ్ కట్టేసి రారా, నా షడ్జం మీదెక్కి కూర్చుంది" అనేది. కట్టేసేవాణ్ణి. మళ్ళీ వెయ్యడం మర్చిపోయేవాణ్ణి, రాత్రికి పెరుగు పులిసేది, తిట్లూ నాకే.

చాలా ఏళ్ళ తర్వాత లెక్క వేసి చూశాను. మన కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది, ట్రాన్స్‌ఫార్మర్లూ ఇలాంటి మోటార్లూ దానికి రెట్టింపు, అంటే 100 హెర్ట్జ్ దగ్గర గుర్రుమంటాయి. అయిదు శ్రుతి, కీబోర్డు వాళ్ళ లెక్కలో జీ, ఆ కింది స్థాయిలో 98 హెర్ట్జ్. అంటే కీబోర్డు మీద పక్కపక్క మెట్ల మధ్య ఉన్న ఎడంలో మూడో వంతు తేడా. ఏ మీటరూ లేకుండా ఆవిడ చెవి దాన్ని పట్టేసింది, నేనేమో ఇంజనీరింగ్ చదివి కూడా నెట్‌లో వెతుక్కున్నాను.

సరే, ఇవాళ రాద్దామనుకున్నది స్టార్స్ ఆఫ్ ది లిడ్ అనే బ్యాండ్ గురించి. ఫ్రిజ్‌తో ఎందుకు మొదలుపెట్టానంటే, వాళ్ళ సంగీతం మొదటిసారి విన్నవాళ్ళు దాదాపు అందరూ అనే మాట అదే కాబట్టి. కాలేజీలో నా పక్క బెంచీవాడు, గాజువాక కుర్రాడు, వాడికి హెడ్‌ఫోన్స్ పెట్టి వినిపిస్తే రెండు నిమిషాలు ఓపిక పట్టి "ఏటి మావా ఇది, ఏసీ మెషీన్ పక్కన పడుకున్నట్టుంది" అన్నాడు. వాడే తర్వాత నాకంటే ముదిరిపోయాడు, ఆ సంగతి ముందుంది.

నాకు దొరకడం కూడా ప్రమాదవశాత్తూనే. 2008లో మా ఇంట్లో ఉన్న బ్రాడ్‌బ్యాండ్ ప్లాన్‌లో రాత్రి రెండు నుంచి పొద్దున్న ఎనిమిది దాకా ఎంత దింపుకున్నా లెక్కలోకి రాదు, కాబట్టి వైజాగ్‌లో నా వయసు కుర్రాళ్ళు చాలామంది రెండింటికి అలారం పెట్టుకుని లేచేవాళ్ళు. పైరసీయే, దాచేదేముంది, తర్వాత ఉద్యోగం వచ్చాక ఆ ఆల్బమ్‌లన్నీ డబ్బులిచ్చి కొన్నాను. ఒక రాత్రి 'బ్రోకెన్ హార్బర్స్' అనే ఫైల్ కనపడింది. హార్బర్ అనే మాట చూసి దింపాను, ఊరి గుణం. ప్లే నొక్కితే ఏమీ మొదలవదు. ఫైల్ పాడైందేమో అనుకున్నాను. వాల్యూమ్ పెంచితే ఏదో దూరంగా, మబ్బు పట్టినట్టు ఒక స్వరం ఉంది, అది పెరుగుతోందో తరుగుతోందో తెలియదు. డ్రమ్ము లేదు, మాట లేదు. ఎక్కడో నాలుగో నిమిషంలో అనుకుంటా, ఇది మొదలై చాలాసేపయిందనీ నేనే ఇంకా ఎదురుచూస్తున్నాననీ అర్థమైంది. మర్నాడు ఇంటర్నల్ పరీక్ష ఉంది, అది పోయింది.

ఈ బ్యాండ్‌లో ఉన్నది ఇద్దరే. బ్రయన్ మెక్‌బ్రైడ్, ఆడమ్ విల్ట్‌జీ. 1990ల మొదట్లో అమెరికాలో టెక్సస్ రాష్ట్రం, ఆస్టిన్ ఊళ్ళో కలిసి మొదలుపెట్టారు. గిటార్ బ్యాండ్లకి పేరున్న ఊరది, వీళ్ళ చేతుల్లోనూ ఉన్నవి గిటార్లే, కానీ అవి గిటార్లలా వినపడకూడదని పట్టుబట్టినట్టు వాయించారు. బ్యాండ్ పేరు 'కనురెప్ప మీది నక్షత్రాలు' లాంటిది. కళ్ళు మూసుకున్నప్పుడు కంటికీ రెప్పకీ మధ్య కదిలే బొమ్మలు, అక్కడ ఎవరికి వాళ్ళకుండే సొంత సినిమా హాలు అని మెక్‌బ్రైడ్ ఆ పేరుకి అర్థం చెప్పేవాడు.

మొదటి రికార్డింగులు నాలుగు ట్రాకుల క్యాసెట్ మెషీన్ మీద చేసుకున్నారు. క్యాసెట్‌ని మనం ఎ వైపు, బి వైపు తిప్పి వేసేవాళ్ళం కదా, టేపు మీద ఒక్కో వైపుకి రెండు గీతలుంటాయి, ఈ మెషీన్ ఆ నాలుగు గీతల్నీ ఒకే దిక్కులో నడిపి నాలుగు వేరే వేరే వాయిద్యాలకి ఇస్తుంది. స్టూడియోకి డబ్బుల్లేనివాళ్ళ స్టూడియో అన్నమాట. వెనక టేపు హిస్ వస్తూనే ఉంటుంది, వీళ్ళు దాన్ని తీసెయ్యలేదు, అదీ ఒక వాయిద్యంలాగే ఉండిపోయింది. మొదటి ఆల్బమ్ 1995లో వచ్చింది. ఆ రోజుల్లో మనమేమో జగదాంబ దగ్గర కొట్లో ఖాళీ క్యాసెట్టూ పాటల చిట్టీ ఇచ్చి వారం ఆగేవాళ్ళం.

ఆ తర్వాత షికాగోలో క్రాంకీ అనే చిన్న లేబుల్ చేరదీసింది. క్రాంకీ 1993లో మొదలైంది, హిట్లు తెచ్చిపెట్టే సంస్థ కాదు, నెమ్మదిగా అమ్ముడయ్యే రికార్డులని ఏళ్ళ తరబడి కేటలాగ్‌లో ఉంచుకునే రకం. వీళ్ళకి అలాంటి చోటే కావాలి. 1997లో వచ్చిన ఆల్బమ్‌లో ట్విన్ పీక్స్ అనే టీవీ సీరియల్ 30వ ఎపిసోడ్‌కి సంగీతం అని ఒక ట్రాక్ పెట్టారు, ఆ సీరియల్ ఎపిసోడ్ల నంబర్లు అప్పటికి 29తో ఆగిపోయాయి. లేని ఎపిసోడ్‌కి సంగీతం. వీళ్ళు చాలా గంభీరమైన మనుషులని అనుకుంటారు గానీ ట్రాకుల పేర్లు చూస్తే సగం పేర్లు వెకిలి, కొన్నయితే ఇక్కడ రాయలేను, మా బాబాయి కూడా ఇవన్నీ చదువుతాడు.

2001లో వచ్చింది ది టయర్డ్ సౌండ్స్ ఆఫ్ స్టార్స్ ఆఫ్ ది లిడ్. రెండు సీడీలు, రెండు గంటలు దాటుతుంది, నేను విన్న హార్బర్ ఫైల్ అందులోదే. దీని దగ్గర కాసేపు ఆగాలి. అంతకుముందు ఆల్బమ్‌లలో గిటార్ డ్రోన్, అంటే ఆగకుండా సాగే నాదం, పొగలా కమ్ముకుని ఉండేది, ఇందులో తీగ వాయిద్యాలు, పియానో, బూరలు వచ్చి చేరాయి, మధ్యలో ఖాళీ వచ్చింది. బ్రయన్ ఈనో ప్రభావం సరే, అది అందరి మీదా ఉంది, ఇలా వెనక నెమ్మదిగా పరుచుకునే సంగీతానికి యాంబియంట్ అనే పేరుని 1978లో ఎయిర్‌పోర్టుల కోసమని చేసిన ఆల్బమ్‌తో జనంలోకి తెచ్చింది ఆయనే. కానీ వీళ్ళు ఎక్కువగా చూసింది ఆర్వో పేర్ట్, గోరెట్స్కీ లాంటి యూరప్ స్వరకర్తల వైపు. ఒక స్వరం వేసి అది పూర్తిగా ఆరిపోయేదాకా రెండోది ముట్టుకోని మనుషులు వాళ్ళు.

గిటార్ గిటార్‌లా వినపడకపోవడానికి కిటుకు పెద్దదేం కాదు. కాలి కింద వాల్యూమ్ పెడల్ ఉంటుంది, దాన్ని పూర్తిగా తగ్గించి తీగ మీటి, ఆ తర్వాత మెల్లగా తొక్కుతూ పైకి తెస్తారు. మీటు పోయి నాదం మిగులుతుంది. వీణ మీద మీటు వినపడకుండా ఒక్క నాదమే వస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి, వయొలిన్ కమానులా గీసినట్టు వస్తుంది. దాన్ని డిలేలోకి, అంటే విన్నదాన్ని కాస్త ఆగి మళ్ళీ వినిపించే పెట్టెలోకి పంపి, ప్రతిధ్వనిలో నానబెట్టి, అది ఇంకా మోగుతుండగానే దాని మీద ఇంకోటి. చెప్పడానికి ఇంతే. నేనూ మా గాజువాకవాడూ ఇదే కిటుకుతో రెండేళ్ళు ప్రయత్నించాం, మాకు మాత్రం నిజంగానే ఏసీ సౌండే వచ్చింది. ఎప్పుడు వెయ్యకూడదో తెలియాలి, అది పెడల్‌తో రాదు.

ఒకరోజు ధైర్యం చేసి పెద్దమ్మకి వినిపించాను. ల్యాప్‌టాప్‌కి చిన్న స్పీకర్లు తగిలించి టయర్డ్ సౌండ్స్ మొదటి ట్రాక్ పెట్టాను. పేరేంటని అడిగింది. ఆ పేరు చావుకి సంబంధించింది, దీపం పెట్టే వేళ ఎందుకొచ్చిన గొడవని "పేరు పెట్టలేదు పెద్దమ్మా" అన్నాను. మూడు నిమిషాలు విని "శ్రుతి చేసుకుంటున్నారు, బాగానే ఉంది, పాట ఎప్పుడు మొదలవుతుందిరా?" అంది. ఇదే పాట అన్నాను. "అయితే తెలివైనవాళ్ళే, తప్పు పాడే అవకాశమే పెట్టుకోలేదు" అంది. కానీ లేవలేదు. రెండో భాగం కూడా అయ్యేదాకా చాప మీదే కూర్చుని, చివర్న "శ్రుతి తల్లి, లయ తండ్రి అంటారు కదా, ఇది తండ్రి లేని పిల్ల" అంది. కాసేపాగి "అయినా తల్లి బాగానే పెంచింది" అని లేచి వెళ్ళి దీపం పెట్టింది. ఈ బ్యాండ్ మీద ఇంగ్లిష్‌లో చాలా రివ్యూలు చదివాను, ఇంత సూటిగా చెప్పింది ఒక్కటీ లేదు.

ఆవిడ వాదన ఇంకోటి కూడా ఉంది, ఇదంతా మన తంబూరా నుంచి ఎత్తుకెళ్ళిందే అని. నేను అంతదూరం వెళ్ళను. ఈ ఇద్దరూ మన దగ్గర నేర్చుకున్నారనడానికి ఆధారమేదీ నేను చూడలేదు. కానీ వీళ్ళకి వెనక ఉన్న తరంలో ఆ దారి ఉన్న మాట నిజం. హిందుస్తానీలో కిరానా ఘరానా గాయకుడు పండిత్ ప్రాణ్‌నాథ్ 1970లో అమెరికా వెళ్ళారు, అక్కడి స్వరకర్తలు లా మాంట్ యంగ్, టెర్రీ రైలీ ఆయనకి శిష్యులయ్యారు. ఇద్దరూ అప్పటికే పేరున్నవాళ్ళు, అయినా గురువుగారి దగ్గర కింద కూర్చుని తంబూరా పట్టుకున్నారు. పాటకి వెనక ఉండే శ్రుతినే ముందుకి తెచ్చి దాన్నే వినొచ్చు అనే ఆలోచన యంగ్‌కి అంతకు ముందు నుంచే ఉంది, ప్రాణ్‌నాథ్ దగ్గర అది గట్టిపడింది. నాకు నచ్చే సంగతి మాత్రం వేరే. ఈ యంగ్ అమెరికా కరెంటు ఊగే 60 హెర్ట్జ్‌నే ఆధార శ్రుతిగా పెట్టుకుని కచేరీలు చేశాడు. ఇది పెద్దమ్మకి చెబితే "వాడి ఫ్రిజ్ వాడికి లోకువ" అంది.

మళ్ళీ మన కథకి. టయర్డ్ సౌండ్స్ నాటికే ఇద్దరూ ఆస్టిన్‌లో లేరు. మెక్‌బ్రైడ్ షికాగో వెళ్ళి తర్వాత లాస్ ఏంజెలెస్‌లో స్థిరపడ్డాడు, విల్ట్‌జీ బెల్జియం వెళ్ళి బ్రసెల్స్‌లో ఉన్నాడు. ఒకరు చేసింది ఇంకొకరికి పంపుకుంటూ, అతను దాని మీద ఏదో వేసి తిరిగి పంపుతూ, అలా సాగింది. ఆ ఆల్బమ్‌లోనే దూరాల పాట అని అర్థమొచ్చే ట్రాక్ ఒకటి రెండు భాగాలుగా ఉంటుంది. తర్వాతి ఆల్బమ్ రావడానికి ఆరేళ్ళు పట్టింది, 2007లో అండ్ దెయిర్ రిఫైన్‌మెంట్ ఆఫ్ ది డిక్లైన్, అదీ రెండు గంటలే. అంతే, ఆ తర్వాత ఇద్దరూ కలిసి కొత్త ఆల్బమ్ ఇవ్వలేదు. విడిపోయామని కూడా ఎప్పుడూ చెప్పలేదు, మధ్య మధ్యలో తీగ వాయిద్యాలవాళ్ళని వెంటేసుకుని కచేరీలకి వెళ్ళేవాళ్ళు.

తిండి పెట్టింది మాత్రం ఈ సంగీతం కాదు. విల్ట్‌జీ వేరే బ్యాండ్ల టూర్లలో సౌండ్ ఇంజనీర్‌గా తిరిగేవాడు. మెక్‌బ్రైడ్ సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీలో డిబేట్ కోచ్. ఇది తెలిసిన రోజు నేను చాలాసేపు నవ్వుకున్నాను, ఎందుకంటే అమెరికా కాలేజీ డిబేట్ అంటే మన వక్తృత్వ పోటీ కాదు, నిమిషానికి మూడొందల మాటలు దాటించి, ఊపిరి లాక్కుంటూ, వేలం పాటలా చదువుతారు, వీడియోలు చూడండి. పగలంతా పిల్లలకి అంత వేగం నేర్పించి రాత్రి ఇంటికొచ్చి ఒక స్వరాన్ని పది నిమిషాలు చల్లార్చేవాడన్నమాట. అలా కాకపోతే బతకలేడేమో కూడా.

విల్ట్‌జీ 2011లో పియానో వాయించే డస్టిన్ ఓహాలరన్‌తో కలిసి ఎ వింగ్డ్ విక్టరీ ఫర్ ది సల్లెన్ అని ఇంకో జట్టు మొదటి ఆల్బమ్ తెచ్చాడు. దానికి పాత బ్యాండ్ కంటే ఎక్కువ పేరొచ్చింది, 2015లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో బీబీసీ ప్రామ్స్ అనే సంగీతోత్సవంలో వాయించారు. బాగుంటుంది. నాకు మాత్రం అది మరీ ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉంటుంది, ఇది నా గొడవ, మీకు నచ్చొచ్చు.

మా జట్టు సంగతి చెప్పాలి, అయిదు నిమిషాల్లో అయిపోతుంది. నేనూ గాజువాకవాడూ, ఒక సెకండ్ హ్యాండ్ గిటార్, వాడి కంప్యూటర్. పేరు పెట్టడానికి నాలుగు నెలలు కొట్టుకుని పెట్టకుండానే వదిలేశాం. వాడికి ఓడల పిచ్చి పట్టింది. వన్‌టౌన్‌లో రాస్ హిల్ ఎక్కితే కింద హార్బర్ ఛానెల్ కనపడుతుంది, ఎదురుగా డాల్ఫిన్ నోస్. చర్చి గోడ పక్కన ఒక చిన్న రికార్డర్ పెట్టుకుని ఓడ ఎప్పుడు హారన్ కొడుతుందా అని గంటలు కూర్చునేవాళ్ళం. కొట్టగానే కొండకి తగిలి మళ్ళీ వచ్చేది, ఆ రెండోదే మాకు కావాల్సింది. అప్పుడు తెలిసిన సంగతి ఒకటుంది, హారన్ ఏ స్థాయిలో మోగాలో అంతర్జాతీయ రూలు ఉంది, 200 మీటర్లు దాటిన ఓడకి 70 నుంచి 200 హెర్ట్జ్ మధ్య, చిన్నవాటికి అంతకంతకీ పైన. ఓడ ఎంత పెద్దదైతే గొంతు అంత కిందకి. చీకట్లో కూడా వచ్చేది ఎంతటిదో చెవికే తెలియాలని. మా రికార్డింగుల్లో సగం చోట్ల మాత్రం ఓడ హారన్ సరిగ్గా ఎత్తుకునే టైముకి ఎవరో ఒకరు వచ్చి "ఏటి బాబూ, టీవీ వోళ్ళా?" అని అడిగిన గొంతు ఉంటుంది.

2011లో వాడు ఉద్యోగానికి కెనడా వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు పెద్దమ్మ ఇంట్లో ఒక సాయంత్రం శ్రుతిపెట్టెనీ ఫ్రిజ్‌నీ కలిపి రికార్డు చేసుకున్నాడు, ఆ రెంటి మధ్య తేడాకి గాలిలో ఒక ఊపు వస్తుంది, వావ్ వావ్ అని సెకనుకి రెండు సార్లు, అది వాడికి కావాలట. ఫైళ్ళు పంపుకుంటూ చేద్దాం, వాళ్ళు చెయ్యలేదా, అన్నాడు. రెండు పంపాడు. నేను ఒకటి పంపాను. అంతే.

హుద్‌హుద్ తుఫాను వచ్చింది 2014 అక్టోబర్ 12, ఆదివారం. ఆ గాలి చప్పుడు గురించి వైజాగ్‌లో అందరూ రాశారు, నేను రాయను. నాకు గుర్తున్నది తర్వాతి రోజులు. మా వైపు ఆరు రోజులు కరెంటు లేదు. ఫ్యాన్లు, ఫ్రిజ్‌లు, వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్, అన్నీ ఒకేసారి ఆగిపోతే ఊరికి ఆధార శ్రుతి ఎవరో లాగేసినట్టుంది, మనుషులు పక్కింటి వాళ్ళతో కూడా గొంతు తగ్గించి మాట్లాడారు. నీళ్ళ డబ్బాతో పెద్దమ్మ ఇంటికి వెళ్తే ఇద్దరు పిల్లలని కూర్చోబెట్టుకుని పాఠం చెబుతోంది. శ్రుతిపెట్టె చార్జింగ్ లేక చచ్చి పడుంది. ఆవిడే ముక్కుతో 'ఊ' అని ఆధారం పట్టుకుని, పిల్లల చేత జంటస్వరాలు పాడిస్తోంది. నన్ను చూసి "ఆ ముదనష్టపు ఫ్రిజ్ అయినా మోగినా బాగుండునురా" అంది.

2023 ఆగస్టులో మెక్‌బ్రైడ్ పోయాడు. 53 ఏళ్ళు. విల్ట్‌జీయే ఆ కబురు అందరికీ చెప్పాడు. నేను ఆఫీసు బస్సులో ఉన్నాను, ఎన్ఏడీ దగ్గర ట్రాఫిక్‌లో, ఎవరితో చెప్పాలో తెలియలేదు, గాజువాకవాడికి మెసేజ్ పెట్టాను. మేం మాట్లాడుకుని ఏడాది దాటింది. వాడికి అర్ధరాత్రి. "చూశాను మావా" అని ఒక్క మాట పెట్టి, పావుగంట తర్వాత ఒక ఫైల్ పంపాడు. పేరు 'సీతమ్మధార 2011'. పదకొండు నిమిషాలు. వాడు దాని మీద ఏమీ వెయ్యలేదు, గిటార్ లేదు, డిలే లేదు, ఉన్నదున్నట్టు ఉంచేశాడు. ఎప్పుడు వెయ్యకూడదో వాడికి తెలిసిపోయింది.

ఆ ఆదివారం పెద్దమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఇప్పుడు ఆవిడ పాఠాలు చెప్పడం లేదు, కొడుకు కొత్త ఫ్రిజ్ కొనిపెట్టాడు, ఇన్వర్టర్ కంప్రెసర్‌ది, చల్లదనాన్ని బట్టి వేగం మార్చుకుంటుంది కాబట్టి దాని కూత ఒకచోట నిలబడదు. "దీనికి శ్రుతిజ్ఞానం లేదురా" అంటుంది. ఫోన్‌లో ఆ ఫైల్ పెట్టి చెవి దగ్గర పట్టుకున్నాను. మొదట శ్రుతిపెట్టె ఒక్కటే, తల ఆడిస్తూ విన్నది. మూడో నిమిషంలో పాత ఫ్రిజ్ కంప్రెసర్ అందుకుంది. పెద్దమ్మ మొహం చిట్లించి, కళ్ళు తెరవకుండానే, వంటింటి వైపు చెయ్యి చూపించింది.

"వెళ్ళి ఆ స్విచ్ కట్టేసి రారా."